నీళ్ళలో నిలుచున్న మెట్టచెట్టు: మడ అడవుల గురించి అడిగిన ప్రశ్నలకు జవాబు

ప్రొద్దుటూరు నుంచి ఒక ఉపాధ్యాయురాలు అడిగిన సంగతులు క్లుప్తంగా ఇవి. మే నెల సెలవుల్లో పిల్లలను ఒడిశాలోని భితర్‌కనికా జాతీయ పార్కుకు తీసుకువెళ్ళాలని ఆమె ఆలోచన. దానికీ కాకినాడ దగ్గరి మన కోరంగి మడ అడవికీ తేడా ఏమిటి, కోరంగి కూడా జాతీయ పార్కేనా, సముద్రతీరపు ఉప్పునీటి బురదలో పెరిగే ఈ మడ చెట్లు అసలు ఎలా బతుకుతాయి అని అడిగారు. ఉప్పులో బతికే చెట్టే అయితే తమ మామగారి పొలంలో బీడుగా పడివున్న మూడెకరాల చౌడు నేలలో మడ మొక్కలు నాటవచ్చా అన్నది ఆఖరి ప్రశ్న. దాని కింద కర్నూలు వారొకరు, ఉప్పులో పెరిగే చెట్టుకు నదితో పనేముంది, సముద్రం పాలయ్యే నీళ్ళను ఎగువనే ఆపుకుంటే ఆ అడవికి వచ్చే నష్టమేమీ లేదు కదా అని రాశారు. నేను కడపలో ఇరవై ఏడేళ్ళు డిగ్రీ విద్యార్థులకు వృక్షశాస్త్రం చెప్పి, ఏటా ఒక జట్టును కోరంగికో కృష్ణా ముఖద్వారానికో వెంటబెట్టుకు వెళ్ళినవాణ్ణి. భితర్‌కనికాకు మూడుసార్లు వెళ్ళాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

ముందుగా ప్రయాణం సంగతి, ఎందుకంటే టికెట్లు కొనేస్తే వెనక్కు తీసుకోవడం కష్టం. మే నెలలో వెళ్ళకండి. మే 1 నుంచి జూలై 31 వరకు భితర్‌కనికాలోకి సందర్శకులను రానివ్వరు. అది ఉప్పునీటి మొసళ్ళు గూళ్ళు కట్టి గుడ్లు పెట్టే కాలం, గూటిని కాచుకుని ఉన్న ఆడమొసలి జోలికి ఎవరూ పోకూడదన్నది ఆ నియమానికి కారణం. ఎండలు చూసి మూసేస్తారని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. దసరా సెలవులు మీకు సరిగ్గా సరిపోతాయి. బగగహన అనే చోట వానకాలంలో గూళ్ళు పెట్టిన కొంగలు, నీటికాకులు అప్పటికి ఇంకా పూర్తిగా ఖాళీ చేసి ఉండవు. సంక్రాంతి సెలవులకు వెళ్ళేటట్లయితే మాత్రం ముందుగా కనుక్కోండి, జనవరిలో మొసళ్ళను లెక్కించే కొద్ది రోజులు కూడా పార్కును మూస్తారు. చెన్నై-హౌరా మార్గంలో భద్రక్ స్టేషన్‌లో దిగి, అక్కడి నుంచి చాంద్‌బాలికి రోడ్డున వెళ్ళి పడవ ఎక్కడం తేలికైన దారి.

ఇక జాతీయ పార్కు, అభయారణ్యం అన్న తేడా. కోరంగి జాతీయ పార్కు కాదు, వన్యప్రాణి అభయారణ్యం. 1978లో ప్రకటించారు, విస్తీర్ణం 235.70 చదరపు కిలోమీటర్లు. కృష్ణా ముఖద్వారం దగ్గరి మడ అడవి కూడా అభయారణ్యమే, దాన్ని 1989లో ప్రకటించారు. భితర్‌కనికాలో రెండూ ఉన్నాయి. 1975లో 672 చదరపు కిలోమీటర్లను అభయారణ్యం చేసి, దాని నడిబొడ్డున ఉన్న 145 చదరపు కిలోమీటర్లను 1998లో జాతీయ పార్కుగా ప్రకటించారు. పశ్చిమ బెంగాల్‌లోని సుందర్‌బన్స్ జాతీయ పార్కు 1984 నాటిది, 1,330 చదరపు కిలోమీటర్లు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో కొన్ని పాత హక్కులను, ఉదాహరణకు పశువులను మేపుకునే అనుమతిని, అధికారులు కొనసాగనివ్వవచ్చు. జాతీయ పార్కులో ఆ వెసులుబాటు లేదు. లోపలి భూమిపై ఎవరి హక్కులూ మిగలకూడదు, పశువులను తోలకూడదు. జాతీయ పార్కు అంటే పెద్ద అడవి అని, అభయారణ్యం అంటే చిన్నదని అనుకోవలసిన పని లేదు. మీ ఊరి పక్కనే పెన్న ఒడ్డున రామేశ్వరంలో ఉన్న రాజీవ్ గాంధీ జాతీయ పార్కు 2.4 చదరపు కిలోమీటర్లే. విస్తీర్ణమే కొలత అయితే ఒడిశా మొత్తం మడ అడవి సుమారు 260 చదరపు కిలోమీటర్లు, మన రాష్ట్రంలోది సుమారు 400. చట్టం ఇచ్చే రక్షణలో మాత్రం వారిదే పైచేయి, దాన్ని వారు ఎప్పుడో సంపాదించుకున్నారు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాను. ఉప్పులో చెట్టు ఎలా బతుకుతుందన్నది తరగతి గదిలో చెప్పవలసి వచ్చినప్పుడు నేను మాగాయతో మొదలుపెట్టేవాణ్ణి. మామిడి ముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో వేస్తే తెల్లారేసరికి ముక్క వడిలి, ఊట పైకి తేలుతుంది. లోపలి నీటిని బయటి ఉప్పు లాగేసుకుంటుంది. మామూలు చెట్టు వేరును సముద్రపు బురదలో పెడితే జరిగేది కూడా అదే. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి కాబట్టి, చుట్టూ ఎంత నీరున్నా వేరు తాగలేదు, ఉన్నది కూడా పోగొట్టుకుంటుంది. అందుచేత మడ చెట్టు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి కూడా దప్పికతో ఉన్న చెట్టు. దాని ఆకును తెంపి చూస్తే మన పాలకొండల మీద పెరిగే మొక్కల ఆకుల్లాగే మందంగా, తోలులాగా, పైన మైనపు పూతతో ఉంటుంది. పత్రరంధ్రాలు లోపలికి దిగి ఉంటాయి, కొన్నింటికి అడుగున నూగు ఉంటుంది. ఇవన్నీ నీటిని పొదుపుగా వాడుకునే మెట్టచెట్టు లక్షణాలు. కరువు సీమలో పుట్టిన విద్యార్థులకు మడ అడవిని అర్థం చేసుకోవడం కోనసీమ పిల్లలకన్నా తేలిక అని నేను సరదాకు అనేవాణ్ణి కానీ, అందులో కొంత నిజం ఉంది.

ఉప్పుతో ఏం చేయాలన్నదానికి ఒక్కో జాతి ఒక్కో దారి చూసుకుంది. ఉప్పు పొన్న అనే జాతి వేరు దగ్గరే వడపోస్తుంది, నీటితో వచ్చే ఉప్పులో తొంభై శాతానికి పైగా బయటే ఆగిపోతుంది. మడ అనే పేరున్న జాతి అంత కచ్చితంగా వడపోయదు, లోపలికి వచ్చిన ఉప్పును ఆకుల మీది గ్రంథుల ద్వారా బయటకు చెమర్చేస్తుంది. వాన లేని రోజున మధ్యాహ్నం రెండు గంటలప్పుడు మడ ఆకును ఎండకు వాల్చి చూడండి, దాని మీద ఉప్పు రేణువులు చక్కెర పలుకుల్లాగా మెరుస్తాయి. వేలితో తుడిచి నాలుకకు తగిలించుకుంటే అప్పడం మీది ఉప్పు రుచే. మా విద్యార్థులు ప్రతి ఏడూ ఈ పని చేసేవారు, మీ పిల్లలతోనూ చేయించండి. కానీ ముందు ఆకును గుర్తుపట్టే మనిషిని పక్కన పెట్టుకోండి, ఎందుకంటే అదే బురదలో తిల్ల చెట్టు కూడా పెరుగుతుంది. కొమ్మ విరిస్తే కారే దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. కట్టెలు కొట్టేవారు ఆ చెట్టు జోలికి జంకుతూ వెళ్ళడం నేను చూశాను.

ఉప్పు ఒక ఇబ్బంది అయితే, బురదలో గాలి లేకపోవడం రెండోది. ఇక్కడ నా మొదటి యాత్ర సంగతి చెప్పాలి. ముప్పైమంది విద్యార్థులతో రాత్రంతా రైల్లో ప్రయాణించి సామర్లకోటలో దిగి, కాకినాడ నుంచి యానాం వెళ్ళే దారిలో ఉన్న అడవికి ఉదయం పది గంటలకు చేరాము. చెక్క వంతెన మీద నడుస్తూ చూస్తే రెండు వైపులా నిండుగా నీళ్ళు, నీళ్ళ మీద పచ్చని కొమ్మలు తప్ప నేను నెల రోజులుగా ఊరించిన వేర్లు ఒక్కటీ కనబడలేదు. పడవ నడిపే పెద్దాయన నా ముఖం చూసి, "పోటు మీద వచ్చేశారండి, పాటు తీశాక చూడాలండి" అన్నాడు. సముద్రం రోజుకు రెండుసార్లు పొంగి రెండుసార్లు తీస్తుందని, ఒకదాని నుంచి ఒకదానికి సుమారు ఆరు గంటలని, మర్నాటికి అది యాభై నిమిషాలు వెనకబడుతుందని పుస్తకంలో చదివి పాఠం చెప్పిన నేను, బయలుదేరే ముందు పోటు వేళ కనుక్కోవాలన్న ఇంగితం మాత్రం మరిచిపోయాను. మూడు గంటలకు నీరు తీసింది. కంది కోశాక చేలో మిగిలే కొయ్యకాళ్ళలాగా, జానెడేసి ఎత్తున, బురదలోంచి నిటారుగా వేల శ్వాస వేర్లు బయటపడ్డాయి. పైనున్న సన్నని రంధ్రాలతో ఇవి గాలి పీల్చుకుని అడుగున ఉన్న వేళ్ళకు అందిస్తాయి. వాటి మధ్య ఒక్క డెక్క మాత్రమే పెద్దదిగా ఉన్న చిన్న పీతలు, బురద మీద రెక్కలతో కుంటుతూ గెంతే చేపలు బయటికి వచ్చాయి. ఒక పీత ఆ పెద్ద డెక్కను ఎత్తి దించుతూ ఉంటే, మా పిల్లవాడొకడు అటెండెన్సు పలుకుతోందని నవ్వించాడు. ఆ తరువాత ఎప్పుడూ నేను పోటు వేళ చూసుకోకుండా టికెట్లు కొనలేదు. అమావాస్యకు, పౌర్ణమికి పోటూ పాటూ రెండూ ఎక్కువగా ఉంటాయి కాబట్టి, ఆ రోజుల్లో పాటు వేళకు అక్కడ ఉంటే వేర్లు బాగా కనబడతాయి.

ఉప్పు పొన్న కొమ్మలకు వేలాడే వాటిని మునక్కాయలనుకునేరు. అవి కాయలు కావు, మొలకలు. గింజ నేల మీద పడి మొలకెత్తడానికి ఉప్పు బురద అనువైన చోటు కాదు కాబట్టి, తల్లిచెట్టు మీద ఉండగానే గింజ మొలిచి, జానెడు, మూరెడు పొడవు పెరిగి, ఆ తరువాత రాలుతుంది. పాటు వేళ రాలితే కిందనే బురదలో దిగబడవచ్చు, పోటు వేళ రాలితే తేలుకుంటూ పోయి మరోచోట నాటుకుంటుంది. వృక్షజాతిలో ఇంత బాగా బిడ్డను సాకే తల్లులు తక్కువ.

కర్నూలు నుంచి రాసినవారి మాటకు ఇప్పుడు వస్తాను. నీళ్ళ కోసం తరాలుగా ఎదురుచూసిన ప్రాంతంవాడినే నేనూ. సముద్రం పాలయ్యే నీరు అన్న మాట మన నోట ఎందుకు వస్తుందో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. కానీ మడ చెట్టు ఉప్పును ఓర్చుకుంటుంది తప్ప ఉప్పును కోరుకోదు. వడపోతకు, చెమర్చడానికి అది శక్తిని ఖర్చు చేస్తుంది. నీటిలో ఉప్పు పెరిగినకొద్దీ ఆ ఖర్చు పెరిగి ఎదుగుదల తగ్గుతుంది, కొన్ని జాతులు నిలబడలేక తప్పుకుంటాయి. సుందర్‌బన్స్‌కు ఆ పేరు తెచ్చిన సుందరి చెట్టు వీటిలో మంచినీటి ఆశ ఎక్కువ ఉన్నది. 1975లో గంగ మీద ఫరక్కా బ్యారేజీ పనిచేయడం మొదలైన తరువాత బంగ్లాదేశ్ వైపు నదుల్లో ఎండాకాలపు ప్రవాహం తగ్గి ఉప్పు ఎగదన్నడం, అక్కడి సుందరి చెట్లు కొనల నుంచి ఎండిపోవడం గురించి ఎంతో పరిశోధన జరిగింది. కారణాలు ఇంకా ఉన్నా, ఉప్పు పెరగడం వాటిలో ముఖ్యమైనది. భితర్‌కనికాలో సుందరి ఇంకా నిలిచి ఉన్నదంటే బ్రాహ్మణి, వైతరణి నదులు తెచ్చి కలుపుతున్న మంచినీరు ఉన్నందువల్లనే.

నది తెచ్చేది నీరొక్కటే కాదు, ఒండ్రు కూడా. డెల్టా అన్నది నది పోసిన మట్టి కుప్ప, సముద్రం రోజూ దాని అంచును కోసుకుపోతూ ఉంటుంది. పోసేది తగ్గి కోసేది అలాగే ఉంటే నేల వెనక్కు తగ్గుతుంది. కర్నూలు పక్కన హంద్రీని కలుపుకున్న తుంగభద్ర, తరువాత కృష్ణలో కలిసి శ్రీశైలం జలాశయంలోకి చేరుతుంది. ఆ నీరు తెచ్చిన ఒండ్రులో చాలాభాగం జలాశయం అడుగునే పేరుకుపోతుంది. జలాశయం నిండే సామర్థ్యం తగ్గిపోతోందని మనం బాధపడుతున్న పూడిక, కృష్ణా ముఖద్వారం దగ్గర నాగాయలంక దిగువన మడ అడవి ఎదురుచూస్తున్న మట్టి, రెండూ ఒకటే. జలాశయాలు ఉండకూడదని నేను అనడం లేదు, కేసీ కాలువ నీళ్ళు తాగి పెరిగిన నోటితో ఆ మాట అనలేను. ప్రకాశం బ్యారేజీ దాటి చుక్క నీరు పోని ఏడాదిలో ఆ అడవి నష్టపోతోందని, ఆ నష్టం చేపలు పట్టుకునేవారి బుట్టల్లో మొదట కనబడుతుందని మాత్రం ఒప్పుకోవాలి. చాలా చేపలకు, రొయ్యలకు, పీతలకు పిల్లలప్పుడు తలదాచుకునే చోటు ఆ వేర్ల సందులే.

తుఫాను సంగతి కూడా ఇందులో భాగమే. 1789లో, 1839లో వచ్చిన ఉప్పెనలు కోరంగి రేవుపట్నాన్ని ముంచాయి, ఒకప్పుడు ఓడలు కట్టిన ఊరు మళ్ళీ పూర్వపు స్థితికి రాలేదు. 1999 అక్టోబరు 29న ఒడిశా తీరాన్ని మహాతుఫాను తాకిన తరువాత, కేంద్రాపడా జిల్లాలో ఊరూరా లెక్కలు తీసిన పరిశోధకులు, సముద్రానికీ ఊరికీ మధ్య మడ అడవి వెడల్పుగా మిగిలిన చోట మరణాలు తక్కువగా ఉన్నట్టు తేల్చారు. దీన్ని పట్టుకుని మడ అడవి ఉంటే తుఫాను భయమే లేదని కొందరు రాస్తున్నారు, అది అతిశయం. ముందస్తు హెచ్చరిక అంది ఊరు ఖాళీ చేయడం వల్ల బతికినవారే అంతకన్నా ఎక్కువ అని ఆ లెక్కల్లోనే ఉంది. అడవి అల జోరును తగ్గిస్తుంది, ఆపదు.

భితర్‌కనికాలో పిల్లలు చూడాలనుకునేది మొసళ్ళనే అని నాకు తెలుసు. వేటతో 1970ల నాటికి అక్కడ ఉప్పునీటి మొసళ్ళు వందలోపుకు పడిపోయాయి. 1975లో దంగమాల్‌లో పెంపక కేంద్రం పెట్టి, గూళ్ళ నుంచి గుడ్లు తెచ్చి పొదిగించి, పిల్లలను కొన్నేళ్ళు పెంచి వాగుల్లో వదిలారు. ఇటీవలి గణనల్లో వాటి సంఖ్య 1,700 దాటింది. ఆడమొసలి ఆకులూ మట్టీ కుప్పగా పోసి అందులో గుడ్లు పెడుతుంది, ఆకులు కుళ్ళేటప్పుడు పుట్టే వేడి గుడ్లకు అందుతుంది. గూటిలోని వేడిని బట్టి పుట్టేది ఆడో మగో నిర్ణయమవుతుంది. ఇంత విజయానికి వెల కట్టినవారు మాత్రం చుట్టుపక్కల పల్లెవారు. వాగులో స్నానానికి దిగినవారు, పశువులను కడగబోయినవారు మొసలి వాతపడడం అక్కడ తరచు వినబడే వార్త, అందుకే స్నానాల రేవుల్లో కంచెలు కట్టారు. పడవలో చేతులు బయట పెట్టవద్దని చెబితే మీ పిల్లలు నవ్వుకోకుండా చూడండి. కోరంగిలో అలాంటి మొసళ్ళు లేవు. అక్కడ అదృష్టం బాగుంటే నీటికుక్కలు కనబడతాయి. బావురుపిల్లి అక్కడ ఉన్నా, అది రాత్రి వేటాడే జంతువు కాబట్టి పగటిపూట వెళ్ళినవారికి బురదలో దాని అడుగుజాడలు కనబడితే అదే పదివేలు. చిన్నపిల్లలతో మొదటిసారి వెళ్ళేవారికి నా ఓటు కోరంగికే. ఒక్కరోజులో చూడవచ్చు, ఖర్చు తక్కువ, వంతెన మీద నిలబడి వేర్లను దగ్గరగా చూపించవచ్చు.

చివరగా మీ మామగారి చౌడు నేల. మడ మొక్కలు నాటవద్దు. వాటికి కావలసింది ఉప్పు కాదని పైన చెప్పాను, వాటికి కావలసింది రోజుకు రెండుసార్లు వచ్చి పోయే నీరు. ఆ రాకపోకలు ఆగిపోతే సముద్రం పక్కన కూడా మడ చెట్టు చస్తుంది. దీనికి కోరంగిలోనే రుజువు ఉంది. పూర్వం చెట్లు నరికిన చోట నేల కుంగి పళ్ళెంలాగా అయింది, పోటు నీరు లోపలికి వచ్చి తిరిగి పోలేక నిలిచి, ఎండకు ఆవిరై, ఉప్పు పొరలు పొరలుగా పేరుకుంది. నాటిన మొక్కలు నాటినట్టే మాడిపోయాయి. అప్పుడు అటవీశాఖ, ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అక్కడి గ్రామస్థుల సమితులు కలిసి, చేప ముల్లు ఆకారంలో ఒక పెద్ద కాలువ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా చిన్న కాలువలు తవ్వి, వాటిని వాగుకు కలిపాయి. నీరు వచ్చి పోవడం మొదలై ఉప్పు కడుక్కుపోయిన తరువాతే అడవి తిరిగి వచ్చింది.

మీ పొలంలో జరిగినది కూడా దాదాపు ఇదే అయి ఉంటుంది. కాలువ కింది పల్లపు మడిలో నీరు నిలిచి, పోయే దారి లేక ఆవిరై, అడుగు లవణాలను పైకి తెచ్చి వదిలింది. కాబట్టి మొక్కకన్నా ముందు మురుగు కాలువ ఆలోచించండి. ఎండాకాలంలో నేల పైన తెల్లగా పిండి పూసినట్టు ఉంటే అది పాలచౌడు. గట్లు వేసి మంచినీరు నిలగట్టి, మురుగు కాలువలోకి రెండు మూడుసార్లు వదిలితే చాలావరకు విరుగుతుంది. తడిసినప్పుడు జిగటగా, ఆరినప్పుడు రాయిలాగా, నల్లని జిడ్డు తేలినట్టు ఉంటే అది కారుచౌడు. దానికి నీళ్ళొక్కటే చాలవు, జిప్సం వేయాలి, ఎంత వేయాలో భూసార పరీక్షలో చెబుతారు. రెండింటిలోనూ మొదటి ఏడు జీలుగ చల్లి పూతకు వచ్చినప్పుడు కలియదున్నడం మంచిది. పరీక్షకు మట్టి తీసేటప్పుడు పైపొర ఒక్కటే గీరి ఇవ్వకుండా, పొలంలో నాలుగైదు చోట్ల జానెడు లోతు వరకు తవ్వి, కలిపి, నీడన ఆరబెట్టి ఇవ్వండి. తెల్ల పొర మాత్రమే తీసుకుపోతే ఉప్పు ఉన్నదానికన్నా ఎక్కువగా చూపిస్తుంది.